అద్దంలో పూలజడ

తుఫాన్లు పుట్టే నెలలొస్తే నాకు ఆకాశం మీద నమ్మకం పోతుంది. దసరా వెళ్ళింది మొదలు కార్తీకం గడిచేదాకా టీవీ ముందు కూర్చుని, బంగాళాఖాతం పటం మీద తెల్లగా సుళ్ళు తిరిగేదాన్నే చూస్తుంటాను. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్ళినా గేటు దాకా వెళ్ళి, వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా నిలబడతాను. మా అమ్మాయి బిందు దీన్ని జబ్బంటుంది. కావచ్చు. మా ఆయన గుడివాడ బస్టాండులో బస్సెక్కి, కిటికీలోంచి నాకు చెయ్యూపి, పామర్రు చేరకుండానే సీట్లో ఒరిగిపోయారు. ఆ రోజు బస్సు కదలగానే నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. కనుమరుగయ్యేదాకా చూడలేదు.

మార్త మా ఇంటికి వచ్చింది ఆ నెలల్లోనే.

పోలండు దేశపు పిల్ల. అక్కడ ఫొటోగ్రఫీ చదువుతోంది. ఆఖరి ఏడాదిలో కొన్నాళ్ళు వేరే దేశంలో ఉండి పని చేసుకురావాలట. బందరులో బిందు పాఠాలు చెప్పే కాలేజీకి ఆ పిల్లను పంపారు. రామానాయుడుపేటలో మాది ఇద్దరం ఆడవాళ్ళం ఉండే ఇల్లు కదా అని, బిందు నన్నొక్క మాట అడక్కుండా పిల్లనీ పెట్టెనీ తెచ్చి వసారాలో దించింది.

పొడుగ్గా, సన్నగా, ఎండకి ముక్కు కందిపోయి ఉంది. ఫోనులో నేర్చుకున్న తెలుగు. మర్యాదగా మాట్లాడాలంటే మాట చివర ‘అండీ’ పెట్టాలని ఎవరో చెప్పారట. అన్నిటికీ పెట్టేది.

“అమ్మమ్మగారూ, కుక్కండీ వచ్చిందండీ.”

“వస్తే రానీ. దానికి గారు కూడా తగిలించు” అని బిందు నవ్వేది.

గడప మీద కూర్చునేది. కూర్చోకూడదని లేపేదాన్ని. ఎందుకని అడిగేది. మా అమ్మ వద్దంది గనక అని చెప్పేదాన్ని. ఆ పిల్ల తలూపి పుస్తకంలో రాసుకునేది. నా మాట ఎవరైనా రాసుకోవడం అదే మొదలు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్న పేపరు చదువుతుంటే ఎదురుగా కూర్చుని చూసి చూసి అక్షరాలు పట్టుకున్నాను. అందుకని నాకు తెలుగు ముందు తలకిందులుగా వచ్చింది, తర్వాత తిన్నగా వచ్చింది. ఆ సంగతి చెబితే మార్త పడీపడీ నవ్వి, పాతకాలపు పెద్ద కెమెరాల్లో ఫొటోగ్రాఫరుకి మనుషులు తలకిందులుగానే కనబడేవారని చెప్పింది.

ఆ పిల్ల పని ఏమిటంటే, ఇళ్ళలో గోడల మీద ఉండే పోయినవాళ్ళ ఫొటోలను ఫొటోలు తీయడం.

“మా ఊళ్ళో సమాధి మీద పెడతామండీ. చూడాలంటే అక్కడికి వెళ్ళాలి. మీరు ఇంట్లో పెట్టుకుంటారు. వాళ్ళ ముందే అన్నం తింటారు. ఇది నాకు చాలా... కొత్తండీ.”

మా ముందుగదిలో మా ఆయన ఫొటో ఉంది, గంధపు చెక్కల దండతో. దాని పక్క మేకుకి నా ఫొటో ఉండేది. పదిహేడేళ్ళప్పటిది. మార్త వచ్చిన రోజే దాని ముందు నిలబడింది.

“ఈవిడకి దండ లేదేంటండీ?”

“అది నేనే. బతికున్నవాళ్ళకి వెయ్యకూడదు.”

“వేస్తే?”

“వెయ్యకూడదంతే” అన్నాను. ఆ ‘వేస్తే’కి జవాబు నోటితో అనడం కూడా నాకు భయమే.

అది పూలజడ ఫొటో. వేసవిలో మల్లెలు విరగబూసినప్పుడు మా అమ్మ జడ పొడవునా పూలు కుట్టి, అవనిగడ్డలో బుచ్చిబాబుగారి స్టూడియోకి తీసుకెళ్ళింది. మొహమూ కనబడాలి, జడా కనబడాలి. అందుకని నా వెనక నిలువుటద్దం పెట్టారు. నేను కెమెరా వైపు చూస్తుంటే, నా భుజం పక్కన అద్దంలో తెల్లటి జడ. చెవులకి మా మేనత్త దగ్గర ఆ పూటకి అడిగి తెచ్చుకున్న రాళ్ళ కమ్మలు. ఎడమ కమ్మలో ఒక రాయి ఊడిపోయి నల్లగా గుంట ఉంటుంది. “ఊపిరి బిగబట్టమ్మా, కళ్ళార్పకు” అన్నారు బుచ్చిబాబుగారు. ఫొటో చూస్తే ఇప్పటికీ ఊపిరి బిగబట్టినట్టే ఉంటాను.

మార్త దాని ముందు రోజూ నిలబడేది. భూతద్దం పెట్టి చూసేది. నా మొహం నాకంటే ఆ పిల్లకే బాగా తెలిసిపోయింది.

బందరులో ఇళ్ళు చూడడం అయ్యాక దివిసీమ వెళ్తానంది. ఒక్కదాన్నే పంపడానికి నాకు ధైర్యం చాల్లేదు. నేనూ బయల్దేరాను.

“గాలి వీస్తే మంచం కింద దూరే మనిషివి, సముద్రం పక్కకి వెళ్తావా?” అంది బిందు.

“ఇక్కడ కూర్చుని ఆ పిల్ల కోసం చూడ్డం కంటే అక్కడ ఉండడమే నయం.”

నా పుట్టిల్లు మోపిదేవి దగ్గర. ఉప్పెన వచ్చిన ఏడు నేను గుడివాడలో కొత్తకోడల్ని. మా ఊరు మునగలేదు. సముద్రం వైపు ఊళ్ళు మిగల్లేదు. అప్పట్లో రోజుల తరబడి పేపర్లో పేర్లు చదివాను. నేను తిన్నగా చదివిన మొదటి పేపర్లు అవే.

చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి, కోడూరు దగ్గర ఆటో మాట్లాడుకుని ఒక పల్లెకి వెళ్ళాం. రొయ్యల చెరువుల మధ్య గట్టు మీద రోడ్డు. ఆ పల్లెలో డేవిడ్ రాజుగారని, చెరువుల కాపలా పనిచేసే మనిషి. యాభై దాటినా దృఢంగా ఉన్నారు. బిందు దగ్గర చదువుకునే కుర్రాళ్ళెవరో ఆయన పేరు చెప్పారు. రేకుల ఇల్లు, ముందు వేపచెట్టు, లోపల ఇంటర్ చదివే మనవరాలు ఏంజెల్.

“రండమ్మగారూ. ఫారిన్ అమ్మాయిగారి పేరేంటండీ?”

“మార్త అండీ.”

“మార్తా! మా బైబిల్లో పేరే! ఏంజెలూ, చూశావా, వాళ్ళ దేశంలోనూ మనోళ్ళే ఉన్నారు.”

మంచినీళ్ళ చెంబు తెచ్చి, నాకు ఇవ్వాలా వద్దా అన్నట్టు ఒక క్షణం ఆగారు. మా నాన్న కాలంలో మావాళ్ళెవరూ ఆ పల్లెలో నీళ్ళు తాగి ఎరగరు. ఆయన ఎందుకు ఆగారో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. చెంబందుకుని తాగాను. తాగుతూ తలెత్తాను.

గోడ మీద క్రీస్తు క్యాలెండరు. దాని పక్కన ఫ్రేములో ఒక ఆడపిల్ల. ప్లాస్టిక్ పూలదండ, కింద చిన్న ఎర్రబల్బు.

ముందు కమ్మలు చూశాను. ఎడమ కమ్మలో నల్లటి గుంట. తర్వాత మొహం చూశాను. ఊపిరి బిగబట్టిన మొహం.

బొట్టు లేదు.

చెంబు కింద పెట్టి ఆ ఫొటో దగ్గరికి నడిచాను.

“మా అక్కండీ. సువార్త” అన్నారు డేవిడ్ రాజుగారు. “ఉప్పెనలో పోయింది. మనిషి దొరకలేదు. నేనప్పుడు బాగా చిన్నోణ్ణండీ. నిజం చెప్పాలంటే నాకు దాని మొహం గుర్తులేదు. ఎత్తుకుని తిప్పేదంట. చెయ్యి గుర్తుంది, గొంతు గుర్తుంది. మొహం మటుకు ఈ ఫొటోయే.”

“ఈ ఫొటో...” అన్నాను.

“అదే విచిత్రమండీ! మా ఇంట్లో ఎవరం ఫొటో దిగినోళ్ళం కాదు. తిండికే లేదాయె. ఉప్పెనయ్యాక మా అమ్మ అవనిగడ్డెళ్ళి, అక్కడ స్టూడియోలో కూర్చుని కూర్చుని, ఇది తెచ్చింది. అక్క ఎవరికీ చెప్పకుండా ఫొటో తీయించుకుందిరా, అని చెప్పింది మాకు. ఎవరివో కమ్మలు కూడా పెట్టుకుంది చూడండి దొంగముండ. ఎప్పుడెళ్ళిందో, డబ్బులెవరిచ్చారో!” ఆయన పెద్దగా నవ్వారు. “పోనీలెండి. ఒక్క సరదా అన్నా తీరింది దానికి.”

“సువార్త నానమ్మంటాం గానీ ఆంటీ, నాకంటే చిన్నది” అంది ఏంజెల్. “ఇటు చూడండి, భుజం పక్కన. తెల్లగా ఉంది కదా? రెక్క. మా చర్చిలో అందరూ వచ్చి చూస్తారు.”

నా పూలజడ. బుచ్చిబాబుగారు అద్దాన్ని చెరిపేశారు, బొట్టుని చెరిపేశారు, అద్దంలోని జడ కొసని మటుకు పూర్తిగా చెరపలేదు. భుజం మీంచి తెల్లగా, వంపుగా, పొగలా మిగిలిపోయింది.

మార్త కెమెరా సర్దుకుంటూ గోడకేసి చూసింది. అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది. నేను తల అడ్డంగా ఆడించాను, చిన్నగా, తనకి మాత్రమే కనబడేలా. ఆ పిల్ల పెదవులు మూసుకుంది. తాతనీ మనవరాలినీ ఫొటో కింద నిలబెట్టి, దూరం నుంచి ఒక్కటి తీసింది.

“అమ్మగారికి ఒంట్లో బాలేనట్టుందే” అన్నారాయన.

“ఎండ. ఇక బయల్దేరదాం మార్తా” అన్నాను.

బస్సులో మార్త నా చేయి పట్టుకునే కూర్చుంది. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా లోపలికెళ్ళి, మేకు మీంచి నా ఫొటో తీసి, కంప్యూటరులో డేవిడ్ రాజుగారి గోడ పక్కన పెట్టి బిందుని పిలిచింది. ఇంగ్లీషులో గబగబా చెప్పింది. చెబుతుంటే ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

బిందు రెండు బొమ్మలనీ మార్చి మార్చి చూసి, కుర్చీలో కూలబడింది.

“అమ్మా, ఇది నువ్వే.”

“నేనే.”

“ఆ బుచ్చిబాబుగారి దగ్గర నీ నెగటివు ఉండుంటుంది. ఆ తల్లి ఏడుస్తూ వచ్చి కూర్చుంటే, ఉన్నవాటిల్లో పోలికున్న పిల్లని చూపించుంటాడు. బొట్టు తీసేసి...”

“ఆవిడే ఎంచుకునుంటుంది” అన్నాను. కన్నతల్లి పొరపడదు. నా మొహం చూసి, ఇది కాదని తెలిసి, ఇదే చాలనుకుని తీసుకెళ్ళుంటుంది.

మార్త ఆ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెడతానంది. తన చదువుకి అదే ఆఖరి పని. ఈ నెలాఖరుకి పంపాలి. వాళ్ళ కాలేజీవాళ్ళు అందరూ చూసేలా ఇంటర్నెట్లో పెడతారట, తర్వాత పెద్ద హాల్లో గోడకి తగిలిస్తారట. వాళ్ళ సారుకి ఫోనులో చెబితే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట.

“ఏంజెల్ నీ ఫోనులో ఉంది కదా? నువ్వు పెట్టేవన్నీ చూస్తుంది కదా?” అని అడిగాను.

“చూస్తుందండీ.”

“అయితే వాళ్ళ తాతా చూస్తాడు.”

“చూడాలి కదండీ? అది అబద్ధం కదండీ? మా బళ్ళో మొదటి పాఠమే అదండీ, ఫొటో అబద్ధం చెప్పకూడదు.”

“రెండో పాఠం ఏమిటి?”

ఆ పిల్లకి అర్థం కాలేదు. బిందు ఇంగ్లీషులో చెప్పింది.

“ఆయనకి ఉన్నది ఆ మొహం ఒక్కటే. అది మీ అక్కది కాదు, ఎవరో గుడివాడ కోడలిది అని చెప్తే, ఆయన దగ్గర ఇంకేం మిగుల్తుంది మార్తా?”

“అమ్మా, ఆ పిల్ల చదువు కూడా చూడాలిగా” అంది బిందు. “పైగా అది నీ ఫొటో. నిన్నడక్కుండా వాడుకున్నారు. కోపం రావాల్సింది నీకు.”

కోపం రాలేదు. భయం వచ్చింది. దాన్ని వాళ్ళకెలా చెప్పను? ఇన్నేళ్ళూ ఎవరో నాకు దండ మారుస్తున్నారు, దీపం పెడుతున్నారు, నా ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. నేను మాత్రం పోలేదు. దండ నాకు పడింది, పోయినవాళ్ళు నా చుట్టూ ఉన్నవాళ్ళు. మా ఆయన బస్సు కిటికీలో ఊపిన చెయ్యి గుర్తొచ్చేది. అన్నం కలుపుతూ అదే ఆలోచన, తల దువ్వుకుంటూ అదే ఆలోచన. అద్దం చూస్తే బొట్టు లేని మొహం. ఆ గోడ మీదా అదే. నా వైధవ్యాన్ని ఎవరో ముందే చూసేసినట్టు ఉండేది.

మార్తా నేనూ మాట్లాడుకోవడం తగ్గింది. గేటు దాకా వెళ్ళడం మాత్రం నేను మానలేదు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడ్డం మానేసింది.

అప్పుడే అల్పపీడనం అన్నారు, వాయుగుండం అన్నారు, తుఫానన్నారు. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారు. మార్త గిలకలదిండిలో పడవలు కట్టేయడం తీస్తానని వెళ్ళి, వాన మొదలయ్యాక తడిసి ముద్దయి వచ్చింది. నేను తువ్వాలు విసిరి కొట్టాను.

“నువ్వు రాకపోతే మీ అమ్మకి నేనేం చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి?”

ఆ పిల్ల తువ్వాలు నెత్తిన వేసుకుని, నా ముందు అలాగే నిలబడింది. “సారీ అమ్మమ్మగారూ” అంది. అండీ అనడం మరిచిపోయింది.

కరెంటు పోయింది. కొబ్బరిచెట్లు విరిగే చప్పుడు. ముగ్గురం ముందుగదిలో ఒక్క చాప మీద ఉన్నాం. సిగ్నలు వస్తూ పోతూ ఉంటే మార్త ఫోనుకి ఏంజెల్ పంపిన బొమ్మ ఒకటి వచ్చింది. పల్లె మొత్తాన్నీ బడికి చేర్చారట. గది నిండా జనం, మూటలు. మధ్యలో గోడకానుకుని డేవిడ్ రాజుగారు. అందరి ఒళ్ళో పిల్లలో బట్టల మూటలో ఉన్నాయి. ఆయన ఒళ్ళో పాలిథిన్ కవరు చుట్టిన ఫ్రేము. దాని మీద రెండు చేతులూ కప్పి కూర్చున్నారు.

మార్త ఫోను నా చేతికిచ్చింది. తుఫాను తెల్లారేసరికి తీరం దాటింది. ఈసారి సముద్రం లేవలేదు. గాలి, వాన, అంతే.

వరదనీళ్ళు తీసి బస్సులు తిరగడం మొదలయ్యాక, ఒక పొద్దుట గేటు దగ్గర నుంచి మార్త కేక వినబడింది.

“అమ్మమ్మగారూ, డేవిడ్ రాజుగారు వచ్చారండీ!”

నేనెప్పుడూ అంత త్వరగా కదల్లేదు. ముక్కాలిపీట లాక్కుని, ఎక్కి, మేకు మీంచి నా ఫొటో తీశాను. దిగడానికి కాలు అందలేదు. ఫొటోని గుండెలకి అదుముకుని, పీట మీద నిలబడి ఉండగా మార్త గుమ్మంలోకి వచ్చింది.

నన్ను చూసింది. గోడని చూసింది. ఫొటో ఉన్నచోట సున్నం తెల్లగా, నలుచదరంగా ఉంది.

ఆ పిల్ల గిరుక్కున వెనక్కి తిరిగి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“వసారాలో కూర్చోండి డేవిడ్ రాజుగారూ. లోపల తడిగా ఉందండీ. టీ తాగుతారా అండీ?”

లోపల తడేమీ లేదు.

ఫొటోని బీరువాలో చీరల కింద పెట్టి వచ్చాను. ఆయన చేతిసంచిలోంచి ఫ్రేము తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అద్దానికి లోపల కాగితం అతుక్కుపోయి, మొహం ఉండాల్సిన చోట గోధుమరంగు మరక. ఒక చెవీ, కమ్మా మిగిలాయి.

“బడి కూడా కారిందండీ. నా ఒళ్ళోనే ఉంది. చూసుకోలేదు.” ఆయన చూపుడువేలితో అద్దం తుడుస్తున్నారు. తుడిస్తే పోయేది కాదని ఆయనకీ తెలుసు. “పొద్దున లేచి ముందు దాని మొహం చూసి చెరువు మీదకి వెళ్తానండీ. తుఫాను నాటి నుంచీ తెల్లారినట్టే లేదు. వచ్చేవారం అక్క జ్ఞాపకార్థ కూడిక. మార్తమ్మా, మీరారోజు తీశారు కదా, దాంట్లోంచి తీయడానికి కుదురుద్దేమో చూడమ్మా.”

మార్త కంప్యూటరు తెచ్చి చూపించింది. తాతా మనవరాలూ చక్కగా ఉన్నారు. వెనక గోడ మీది ఫ్రేములో, మొహంలో సగం మీద, కిటికీ వెలుతురు పడి తెల్లటి మచ్చ. ఆ రోజు నేను తొందరపెట్టకపోతే దగ్గర్నుంచి ఇంకొకటి తీసేదే.

“ఓహో” అన్నారాయన. “సరే అయితే. మీరేం చేస్తారు లెండి.” అని ఫ్రేముని మళ్ళీ కవరులో చుట్టడం మొదలుపెట్టారు. తడిసిన పిల్లకి తుండు చుట్టినట్టు చుట్టారు.

మార్త నా వైపు చూసింది. అడగలేదు. ఊరికే చూసింది.

“ఆదివారం రండి డేవిడ్ రాజుగారూ” అన్నాను. “అమ్మాయి చేసిపెడుతుంది. ఈ రోజుల్లో మిషన్లతో అన్నీ వస్తున్నాయిగా.”

“సగం మొహమే లేదు కదండీ, ఎట్టా వస్తుంది?”

“వస్తుందండీ” అంది మార్త.

ఆయన వెళ్ళాక బీరువా తెరిచి ఫొటో తెచ్చి ఇచ్చాను. దాన్ని మిషనులో పెడితే నేను కంప్యూటరు నిండా వచ్చాను. అంత పెద్దగా నన్ను నేనెప్పుడూ చూసుకోలేదు. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ ఉండేది నాకు. ఎప్పుడు పోయిందో.

మార్త పక్కన డేవిడ్ రాజుగారి గోడ ఫొటో పెట్టుకుని, బుచ్చిబాబుగారు చేసినట్టే చేసుకుంటూ పోయింది. అద్దం అంచు చెరిపింది. అద్దంలో మా అమ్మ మోచెయ్యి ఒక మూల పడి ఉందట, నాకెన్నడూ కనబడలేదు. అదీ చెరిపింది.

“నేను ఇప్పుడు చాలా అబద్ధం చేస్తున్నానండీ” అంది, కళ్ళు తిప్పకుండా.

“కమ్మలో రాయి పెట్టకు. ఆయన రోజూ చూసే గుంట అది.”

“పెట్టనండీ.”

తర్వాత చెయ్యి ఆపేసింది. బాణం గుర్తు నా నుదుటి మీద నిలబడింది.

“అమ్మమ్మగారూ, ఇది మీరు చెప్పండి.”

మా ఆయన పోయినప్పుడు ఎవరెవరివో చేతులు నా నుదుటి మీదకి వచ్చాయి. ఎవరో గాజులు, ఎవరో పువ్వులు, ఎవరో బొట్టు. అప్పుడు నన్నెవరూ అడగలేదు. ఎక్కడిదో పోలండు దేశపు పిల్ల, అడిగి, నేను చెప్పేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“తీసెయ్యమ్మా” అన్నాను.

తీసేసింది. గోడ మీది సువార్త వచ్చింది.

“ఈ తెల్లది కూడా తీసేస్తానండీ. బుచ్చిబాబుగారు మర్చిపోయారు. తప్పు కదండీ.”

“ముట్టుకోకు. అది రెక్క.”

మార్త నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. నవ్వుతూనే ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు బిందు అడిగింది, మరి నీ చదువు సంగతేంటి అని. వాళ్ళ సారు ఆ రెండు ఫొటోలు ఏవని అడిగాడట. పాడైపోయాయని చెప్పిందట. “ఇంకో అబద్ధమండీ” అంది. తర్వాత కెమెరా తెచ్చి, ముందుగదిలో గోడ మీద తెల్లటి నలుచదరాన్నీ, ఖాళీ మేకునీ, పక్కన మా ఆయన దండనీ కలిపి ఒక ఫొటో తీసింది. అదే పంపిస్తానంది. వాళ్ళ సారుకి పెద్దగా నచ్చలేదని తర్వాత తెలిసింది.

ఆదివారం చర్చి కాగానే డేవిడ్ రాజుగారూ ఏంజెలూ తెల్లబట్టల్లో వచ్చారు. ఈసారి లోపలికి రమ్మన్నాను. మార్త కొత్త ఫ్రేము తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

ఆయన ఫ్రేముని వెలుతురు వైపు తిప్పారు. మళ్ళీ తన వైపు తిప్పుకున్నారు.

“పుట్టుమచ్చ ఉందిరా అక్కకి” అన్నారు ఏంజెల్‌తో, గుసగుసగా. “పాతదాంట్లో తెలిసేది కాదు.”

“రెక్క కూడా ఉంది తాతయ్యా.” ఏంజెల్ ఫొటోని చూసింది. నన్ను చూసింది. గోడ మీద ఖాళీ చోటుని చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఆ పిల్ల ఏదో అనబోయిందనిపించింది. “ఎండెక్కుతోంది, వెళ్దామా తాతయ్యా” అంది అంతే.

“ఉండవే. దండ సరిపోద్దో లేదో చూసుకుని వెళ్దాం. మళ్ళీ అవనిగడ్డలో వెతుక్కోవాలి.” ఆయన ఫ్రేముని రెండు చేతులతో నిలబెట్టి పట్టుకున్నారు. “అమ్మగారూ, ఆ సంచిలో పాత దండుంది. నా చేతులు ఖాళీ లేవు. కాస్త వేసి చూడండి, పొట్టవుద్దేమో.”

బిందు ఒక్క ఉదుటున లేచింది. “నేను వేస్తాను, ఉండమ్మా.” మార్త కెమెరా బల్ల మీద ఉంది. ఆ పిల్ల దానికేసి చూడనైనా లేదు.

“నువ్వు కూర్చో బిందూ” అన్నాను.

సంచిలోంచి దండ తీశాను. ప్లాస్టిక్ పూలు, కడిగి తెచ్చినట్టున్నారు, సబ్బు వాసన. రెండు చేతులతో విప్పి పట్టుకున్నాను. ఊపిరి బిగబట్టిన పదిహేడేళ్ళ పిల్ల నన్నే చూస్తోంది. ఫ్రేము పైనుంచి వేసి, రెండు వైపులా సర్దాను. మెడ కింద సరిగ్గా ఆగింది.

“సరిపోయిందండీ” అన్నాను.

ఆటో వచ్చింది. డేవిడ్ రాజుగారు ముందు కూర్చున్నారు. ఏంజెల్ వెనక సీట్లో, వెనక్కి తిరిగి కూర్చుని, ఫ్రేముని ఒళ్ళో నిలబెట్టుకుంది. నేను ఎప్పటిలాగే గేటు దాకా వెళ్ళాను. మార్త వచ్చి పక్కన నిలబడింది. దండ వేసుకున్న నా మొహం, బొట్టు లేకుండా, భుజం మీద తెల్లటి రెక్కతో, నన్నే చూస్తూ చిన్నదవుతూ వెళ్ళింది. అది సందు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.